నాగావళి మీద నుంచి దించేసినవి

పోయిన ఆదివారం రాత్రి నాగావళి నాలుగో టరెట్ (ఫిరంగులు కూర్చునే, తిరిగే గుమ్మటం) తీసేశాను. తీసేశాక చాలాసేపు స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే ఎనిమిది నెలలుగా ఆ టరెట్‌కి చోటివ్వడం కోసమే మిగతా ఓడంతా అటూ ఇటూ సర్దుతూ వచ్చాను.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. నాగావళి అనే యుద్ధనౌక ఎక్కడా లేదు. శ్రీకాకుళం మీదుగా పారే ఏటి పేరు పెట్టుకుని నేను గీస్తున్న లైట్ క్రూయిజర్, అంటే ఓ మధ్యరకం యుద్ధనౌక అది. దాని దేశం కూడా నేను ఊహించుకున్నదే. పేరు వేంగి. బారువ నుంచి పులికాట్ దాకా తీరం, 1930ల్లో సొంత నావికాదళం, చేతిలో డబ్బు తక్కువ, కాపాడుకోవాల్సిన సముద్రం ఎక్కువ. నాగావళి, వంశధార, మంజీర, పెన్న అని ఒకే నమూనాలో నాలుగు ఓడలు. నా ఊహలో యుద్ధం 1936లో మొదలవుతుంది కాబట్టి అంతకు ముందు మనుషులకి తెలిసిన ఇంజనీరింగ్‌తోనే కట్టాలి, తర్వాత వచ్చిన తెలివి వాడకూడదు అని నాకు నేను పెట్టుకున్న నియమం.

నేను పగలు అంబత్తూర్‌లో ఒక ఆఫీసులో ఏసీ డక్టులు డిజైన్ చేస్తాను. సీలింగ్‌కి వేలాడే ప్రతి కిలోకీ ఏ హ్యాంగర్ మీద ఎంత పడుతుందో లెక్క చూపించాలి, చూపించకపోతే డ్రాయింగ్ వెనక్కి వస్తుంది. ఆ అలవాటే రాత్రిళ్ళు ఇక్కడికి వచ్చింది. నా ఎక్సెల్ షీట్‌లో ప్రతి వస్తువుకీ రెండు గడులు ఉంటాయి, బరువెంత, కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నెముక) నుంచి ఎంత ఎత్తులో ఉంది అని. లంగరు గొలుసు నుంచి వంటగది పొయ్యి దాకా అన్నీ అందులో ఉన్నాయి. ఆ షీట్ మొత్తం కూడాక స్ప్రింగ్‌షార్ప్‌లో అంకెలు పెట్టి సరిచూసుకుంటాను. పాత కాలపు యుద్ధనౌకలని ఊహించి గీసేవాళ్ళలో చాలామంది వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఓడ తేలుతుందా, ఒరిగిపోతుందా, వెన్ను విరుగుతుందా అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

ఈ పిచ్చి నాకు ఎక్కడ పట్టుకుందో బాగా గుర్తుంది. మద్రాసు హైకోర్టు ప్రహరీకి ఒక రాతి ఫలకం ఉంది. ఎనిమిదో క్లాసులో ఉండగా నాన్న చూపించారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ లైట్ క్రూయిజర్ ఎమ్డెన్ చెన్నపట్నం ముందుకొచ్చి సుమారు 130 గుండ్లు పేల్చి, రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి, అరగంటలో వెళ్ళిపోయింది. ఊళ్ళో జనం మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. పెరంబూర్‌లో మా పక్కింటి పాటి (తమిళ బామ్మ) ఇప్పటికీ ఎవరైనా గడుసుగా పని చక్కబెట్టుకొస్తే వాణ్ణి 'ఎమ్డన్' అంటుంది, వందేళ్ళు దాటినా ఆ పేరు ఇక్కడి తమిళంలో అలాగే ఉండిపోయింది. నాకు మాత్రం ఆ ఫలకం ముందు నిలబడినప్పుడు తొలిచిన ప్రశ్న వేరే. ఇంత పని చేసిన ఓడ ఎంత పెద్దది? తర్వాత చదివితే తెలిసింది, 3,600 టన్నుల చిల్లర. పొడవు 118 మీటర్లు. పది ఫిరంగులు, ఒక్కోటి 10.5 సెంటీమీటర్లది, గుండు బరువు పదిహేడు కిలోల పైన. అంతే. యుద్ధనౌకల్లో అది చిన్నదే.

అదే ఎమ్డెన్ నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీకి దొరికిపోయింది. సిడ్నీ మీద ఎనిమిది ఆరంగుళాల ఫిరంగులు, ఒక్కో గుండు 45 కిలోలు. మొదట్లో ఎమ్డెన్ గుండ్లే ముందు తగిలాయి, వాళ్ళ గురి అంత బాగుంది, కానీ ఆ గుండ్లలో ఓడని ఆపే బరువు లేదు. సిడ్నీ దెబ్బలు తగలడం మొదలయ్యాక కెప్టెన్ ఫాన్ ముల్లర్ ఓడని దీవి పగడపు దిబ్బ మీదకి ఎక్కించేయాల్సి వచ్చింది. నాగావళికి ఆరంగుళాలకి తక్కువ ఫిరంగి పెట్టకూడదని అప్పుడే అనుకున్నాను. ఆ నిర్ణయం ఇప్పటికీ మారలేదు. నౌకాదళాలకి హద్దులు పెట్టిన 1930 లండన్ ఒప్పందం కూడా అక్కడే గీత గీసింది, ఫిరంగి 155 మిల్లీమీటర్లు దాటితే హెవీ క్రూయిజర్, లోపలుంటే లైట్. చాలామంది లైట్ అంటే తేలికైన ఓడ అనుకుంటారు, కానీ ఆ పేరు ఫిరంగి కొలతని బట్టి వచ్చింది. జపాన్ మొగామి మీద 155 మిల్లీమీటర్లవి పదిహేను పెట్టి లైట్ క్రూయిజర్ అంది, అమెరికా బ్రూక్లిన్ మీద ఆరంగుళాలవి పదిహేను పెట్టి అదే మాట అంది.

వేంగికి అంత ఓడ కట్టే స్తోమత లేదు. ఉండకూడదని కూడా నేనే అనుకున్నాను. డబ్బుకి హద్దు లేకపోతే గీయడంలో నాకు పనేం ఉంటుంది? కావలసినవన్నీ ఎక్కించేయొచ్చు. అందుకని ఓడకన్నా ముందు దేశాన్ని గీశాను. డ్రైడాక్ (ఓడని లోపలికి తెచ్చి నీళ్ళు తోడేసి మరమ్మత్తు చేసే చోటు) విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండ వెనక ఒక్కటే, దాని పొడవు 160 మీటర్లు, కాబట్టి బ్రిటిష్ లియాండర్ తరగతి లాంటి 169 మీటర్ల ఓడ మరమ్మత్తుకి లోపలికే పట్టదు. కాకినాడ దగ్గర గోదావరి తెచ్చిన మేట వల్ల సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుంటే పడవలే సరుకు ఒడ్డుకి చేర్చేవి, కాబట్టి నా ఓడ నీళ్ళలో ఐదు మీటర్లకి మించి దిగకూడదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళి, నాలుగు రోజులు తిరిగి, మళ్ళీ రావాలి.

ఇంధనం దగ్గర చాలా వారాలు ఆగిపోయాను. నేల కింద మనకున్నది బొగ్గు. ఇల్లందులో 1889 నుంచీ తవ్వుతున్నారు, సింగరేణి మొదలైంది అక్కడే. బొగ్గుతో నడిపితే ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేదు కదా అని బొగ్గు బాయిలర్లతో ఒక పూర్తి నమూనా గీశాను. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ. నౌకలకి పేరు పొందిన వేల్స్ బొగ్గు లాంటిది కాదిది. పైగా టన్నుకి టన్ను చూస్తే నూనె ఇచ్చే వేడి బొగ్గు కంటే బాగా ఎక్కువ, పార పట్టి ఎగదోసే మనుషులు అక్కర్లేదు, సముద్రం మధ్యలో పైపు వేసి నింపుకోవచ్చు. బొగ్గు నమూనాలో స్టోకర్లు పడుకోవడానికే ఒక డెక్ అంతా పోయింది. చివరికి నూనెకే వెళ్ళాను, వెళ్ళి వేంగి నూనె ట్యాంకుల్ని తీరం నుంచి నలభై కిలోమీటర్లు లోపల కొండల వెనక పెట్టాను. చెన్నపట్నంలో ఆ రాత్రి ఏం కాలిందో గుర్తుంటే వాటిని సముద్రానికి కనబడే చోట ఎవరు పెడతారు?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో మోకాళ్ళ పైకి నీళ్ళు, రెండు రోజులు కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగ్ లేదు. కొవ్వొత్తి పెట్టుకుని గ్రాఫ్ కాగితం మీద నాగావళి ముందు భాగం గీశాను. అంతకు ముందు నా గీతలన్నిట్లో అణియం చాలా తక్కువ ఎత్తులో ఉండేది, అలా ఉంటే ఓడ చూడ్డానికి బాణంలా అందంగా ఉంటుంది. ఆ రెండు రోజులూ గాలి శబ్దం వింటూ కూర్చున్నాక అంత కిందకి గీయడానికి నాకు చెయ్యి రాలేదు. బంగాళాఖాతంలో తుపానులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, దానికి ముందు జూన్ నుంచి నైరుతి పోటు. అంటే ఏడాదిలో సగం అల ఎదురుగా వస్తుంది, అణియం కిందకి ఉంటే ముందు టరెట్‌లోకి నీళ్ళు కొడతాయి, గురి చూసేవాడికి ఏమీ కనబడదు, ఓడ వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. కాగితం మీద 32 నాట్లు (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) అని రాసుకున్నా ఆ సముద్రంలో 22 దాటదు. అణియాన్ని ఎత్తు పెంచి, ఆ ఎత్తుని ఓడ నడుమ దాకా సాగదీశాను. 130 టన్నులు పోయాయి. మళ్ళీ ఎప్పుడూ వాటిని వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

వేగం సంగతి. మొదటి నమూనాలో 5,000 టన్నుల ఓడకి ఎనిమిది ఆరంగుళాల ఫిరంగులు, 35 నాట్లు, రెండు విమానాలు, ఎనిమిది టార్పెడో గొట్టాలు అని రాశాను. స్ప్రింగ్‌షార్ప్‌లో గట్టిదనం 1 దాటాలి, నాది 0.71 వచ్చింది. అంటే మొదటి పెద్ద అలకే నడుం విరిగే ఓడ. వేగానికి కావలసిన శక్తి లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది: మోటు లెక్కలో అది వేగానికి ఘనంగా పెరుగుతుంది, రెట్టింపు వేగం కావాలంటే ఎనిమిది రెట్లు శక్తి. 35 నుంచి 31 నాట్లకి దిగితే దాదాపు 30 శాతం ఇంజిన్ బరువు దించేసినట్టు, పై వేగాల్లో ఇంకా ఎక్కువే. మరి నా ఓడ వెంట ఉండేదెవరు? పది, పన్నెండు నాట్లతో నడిచే సరుకు ఓడలు. అది తరిమేది సరుకు ఓడల్ని వేటాడే దొంగ ఓడల్ని. 31 చాలు. డిస్ట్రాయర్లతో పోటీ పడి పరిగెత్తాల్సిన అవసరం వేంగికి రాదు, వస్తే ఆ యుద్ధం ఎలాగూ ఓడిపోయినట్టే.

ఇక టరెట్. అసలు ఈ పోస్టు దాని కోసమే.

నాలుగో టరెట్ ఉన్న చోటే విమానం, దాన్ని గాల్లోకి విసిరే క్యాటపల్ట్ కూడా పెట్టాలి. రెండూ పట్టవు. మొదట్లో నాకు అనుమానమే లేదు, విమానం తీసేయాలి. పెట్రోలు, నిప్పు, గుడ్డ రెక్కలు, అంత గొడవ పెట్టుకుని వానలో ఎగరని వస్తువు ఎందుకు? కానీ ఇంకో సిడ్నీ కథ నన్ను వదల్లేదు. ఇది రెండో సిడ్నీ, అదే పేరుతో తర్వాత వచ్చిన క్రూయిజర్, మార్పులు చేసిన లియాండర్ తరగతి, ఎనిమిది ఆరంగుళాల ఫిరంగులు. 1941 నవంబరు 19న పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి దూరంగా ఒక డచ్ సరుకు ఓడ అని చెప్పుకున్న నౌక దగ్గరికి వెళ్ళింది. అది జర్మన్ దొంగ ఓడ కోర్మొరాన్. పైకి సరుకు ఓడే, లోపల ఆరు 15 సెంటీమీటర్ల ఫిరంగులు, టార్పెడోలు. సిడ్నీ కిలోమీటరు పైచిలుకు దూరానికి వచ్చేసింది. కోర్మొరాన్ జెండా మార్చి ఒక్కసారిగా పేల్చింది. సిడ్నీలో ఉన్న 645 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. కోర్మొరాన్ కూడా మునిగింది, దాని మనుషుల్లో ఎక్కువమంది బయటపడ్డారు.

ఆ దూరంలో నాలుగు టరెట్లున్నా ఒకటే, మూడున్నా ఒకటే. నాకు నియమం ఉంది, 1941లో జరిగినది 1936 డిజైనర్‌కి తెలియదు. కానీ 1914 తెలుసు. ఎమ్డెన్ నాలుగో పొగగొట్టం ఉన్నట్టు నకిలీది కట్టుకుని బ్రిటిష్ ఓడలా కనబడుతూ పెనాంగ్ రేవులోకి దూరి రష్యన్ క్రూయిజర్ జెమ్చుగ్‌ని ముంచింది. వేషం వేసుకున్న ఓడని దూరం నుంచే గుర్తుపట్టడం నాగావళి అసలు పని అని ఆ ఒక్క కథ చాలు చెప్పడానికి, అలాంటప్పుడు ముప్పై కిలోమీటర్ల అవతల నుంచి పైకెగిరి చూసి రాగలిగిన కన్ను కావాలా, ఇంకో రెండు ఫిరంగులు కావాలా? ఎనిమిది నెలలు ఫిరంగుల వైపే ఉన్నాను. ఓడని పక్క నుంచి గీస్తే ముందు రెండు, వెనక రెండు టరెట్లు ఎంత నిండుగా ఉంటాయో గీసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ నిండుతనం మీద మమకారం వదల్లేకపోయాను.

తీర్పు చివరికి బరువు షీటే చెప్పింది. వెనక టరెట్లలో ఒకటి రెండోదాని నెత్తి మీదుగా పేల్చాలి కాబట్టి 2.7 మీటర్లు ఎత్తులో కూర్చోవాలి. టరెట్‌ని వంద టన్నులుగా వేసుకున్నాను. నిండా నింపిన 6,700 టన్నుల ఓడలో వంద టన్నుల్ని 2.7 మీటర్లు పైకెత్తితే ఓడ మొత్తం బరువు కేంద్రం నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. వినడానికి నాలుగు సెంటీమీటర్లే. నా ఓడ ఒరిగినప్పుడు మళ్ళీ లేచి నిలబడటానికి ఉన్న మొత్తం మార్జిన్ అప్పటికి 80 సెంటీమీటర్ల లోపే ఉంది, నూనె ట్యాంకులు ఖాళీ అయ్యాక ఇంకా తగ్గుతుంది, తర్వాతి ఏళ్ళలో ఎక్కించే ప్రతి కొత్త వస్తువూ డెక్ పైనే కూర్చుంటుంది. ఈ లెక్కని పట్టించుకోకపోతే ఏమవుతుందో జపాన్‌కి తెలిసొచ్చింది. 1934 మార్చిలో తొమొజురు అనే చిన్న టార్పెడో బోటు గాలివానలో బోల్తా పడింది, కారణం పైబరువు. మరుసటి ఏడు సెప్టెంబరులో వాళ్ళ నాలుగో ఫ్లీట్ తుపానులో చిక్కుకుంటే రెండు డిస్ట్రాయర్ల ముందు భాగాలు విరిగి కొట్టుకుపోయాయి, మొగామి వెల్డింగ్ అతుకులు చిట్లాయి. మంచి డిజైనర్లు వాళ్ళు. హిరాగా యుజురు 1923లో యుబారి అనే మూడు వేల టన్నుల లెక్క ఓడ మీద 5,500 టన్నుల క్రూయిజర్ ఒక పక్కకి పేల్చగలిగినన్ని ఫిరంగులు కూర్చోబెట్టాడు, కవచాన్నే ఓడ అస్థిపంజరంలో భాగం చేసి. ఆ డ్రాయింగ్ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అంతటివాడి ఓడ కూడా తూకం తేలేసరికి అనుకున్నదాని కంటే బరువెక్కింది.

తీసేశాక ఒక సంగతి గుర్తొచ్చి మనసు కుదుటపడింది. మన నేవీ మొదటి క్రూయిజర్ ఐఎన్ఎస్ ఢిల్లీ, అంతకుముందు న్యూజిలాండ్ నావికుల అకిలిస్. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికాలో రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీ 28 సెంటీమీటర్ల ఫిరంగులకి ఎదురు నిలబడిన ఓడ. కట్టినప్పుడు దానికి నాలుగు టరెట్లు. 1943 జనవరిలో గ్వాడల్‌కెనాల్ దగ్గర బాంబు పడి వెనక టరెట్ ఒకటి పోయింది, దాని బదులు విమానాల మీద పేల్చే ఫిరంగులు పెట్టారు. 1948లో మన దగ్గరికి మూడు టరెట్లతో వచ్చి 1978 దాకా పనిచేసింది. తర్వాత వచ్చిన మైసూర్ కూడా అంతే, నైజీరియా అనే బ్రిటిష్ ఓడగా పుట్టినప్పుడు పన్నెండు ఫిరంగులు, మన దగ్గర తొమ్మిది. నాగావళి వాటి కంటే చిన్నదే అయినా ఇప్పుడు పక్క నుంచి చూస్తే ఢిల్లీకి చెల్లెల్లా ఉంది.

ఇంకొక మార్పు మా మావయ్య వల్ల జరిగింది. ఆయన సరుకు ఓడల్లో ఇంజిన్ రూమ్‌లో ముప్పై ఏళ్ళు చేసి ఇప్పుడు రాయపురంలో ఉంటున్నారు. ప్రింట్ తీసుకెళ్ళి చూపిస్తే ఫిరంగుల వైపు చూడనే లేదు, కళ్ళద్దాలు సర్దుకుని నేరుగా బాయిలర్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, ఈ బాయిలర్‌లో ట్యూబు పోయిందనుకో, మార్చేవాడు ఎట్నుంచి దూరతాడు?"

"ఇటు నుంచి, మావయ్యా. ఇక్కడ అరవై సెంటీమీటర్లు వదిలాను కదా."

"అరవైలో వాడు దూరతాడు. పాత ట్యూబు బయటికి లాగాలిగా, దాని పొడుగెంత? నువ్వు ఎదురుగా గోడ కట్టేశావే."

నిజమే, కట్టేశాను. ఆయన ఇంకోటి కూడా అడిగారు, బాయిలర్లన్నీ ఒకే గదిలో పెట్టావు, అక్కడ ఒక్క గుండు పడితే ఓడ ఆగిపోదా అని. మొదటి లియాండర్లలో బాయిలర్లన్నీ ముందు, ఇంజిన్లన్నీ వెనక, ఒకటే పొగగొట్టం. తర్వాతి మూడింట్లో బాయిలర్, ఇంజిన్, మళ్ళీ బాయిలర్, మళ్ళీ ఇంజిన్ అని మార్చి రెండు పొగగొట్టాలు పెట్టారు, ఒక జత పోయినా రెండోది ఓడని ఇంటికి తెస్తుంది. నేనూ అలాగే మార్చాను. గదుల పొడవు పెరిగింది, దాన్ని కాపాడే కవచపు బెల్టూ ఎనిమిది మీటర్లు పెరిగింది. మూడు మీటర్ల ఎత్తు, రెండు పక్కలా, 63 మిల్లీమీటర్ల మందం, దాదాపు 24 టన్నుల ఉక్కు. టరెట్ తీసేసి మిగిల్చుకున్న బరువులోంచి ఇచ్చాను. మావయ్య పుణ్యమా అని నాగావళికి ఇప్పుడు రెండు పొగగొట్టాలు.

ప్రస్తుతానికి లెక్క ఇలా నిలబడింది. మామూలు తూకం 5,560 టన్నులు, పొడవు 155 మీటర్లు, మూడు జంట టరెట్లలో ఆరు ఆరంగుళాల ఫిరంగులు, 31 నాట్లు, ఆరు టార్పెడో గొట్టాలు, ఒక్క విమానం. గట్టిదనం 1.02. బ్రిటిష్ అరెథూసా తరగతికి చాలా దగ్గరగా వచ్చింది, 5,220 టన్నులు, ఆరు ఫిరంగులు. చూసి గీయలేదు, కానీ నేను పెట్టుకున్న ఇబ్బందులూ వాళ్ళవీ ఒకలాంటివే అయినప్పుడు అలా కాక ఇంకెలా వస్తుంది?

ఇప్పుడు వంశధార మీద ఉన్నాను, దానికి 1942 మరమ్మత్తు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి, ఆ రోజుల్లోనే వాళ్ళ ఓడలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు నౌకల్ని ముంచేశాయి, మద్రాసు సగం ఖాళీ అయింది. వేంగి ఉన్నా ఆ విమానాలు వచ్చేవే. కాబట్టి నేను అంత పోట్లాడి పెట్టిన విమానాన్నీ క్యాటపల్ట్‌నీ దించేసి ఆ చోట చిన్న ఫిరంగులు, స్తంభం మీద రాడార్ పెట్టాలి. రాడార్ తేలికే కానీ అది కూర్చునే ఎత్తు ఇరవై రెండు మీటర్లు. ఒక జత టార్పెడో గొట్టాలు కూడా దించాల్సి రావచ్చు. శనివారం మావయ్య వస్తానన్నారు, ఈలోపు బాయిలర్ గది ఎదుటి గోడలో ట్యూబు లాగే తలుపు ఎక్కడ కోయాలో తేల్చి పెట్టాలి.